పెద్దమ్మ చెయ్యి

మా పాప పరుగు మధ్యలో ఆగి పక్కకు చూడడం ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. ఎవరు నేర్పారో కూడా తెలుసు. నేర్పిన మనిషిని నేను అక్కా అని పిలిచేదాన్ని, పాప పెద్దమ్మా అని పిలుస్తుంది. ఇప్పటికీ ఫోన్లో ఆమె గొంతు వినగానే నా నోటికి ముందు అక్కా అనే మాటే వస్తుంది. అందుకే ఫోన్ ఎత్తడం తగ్గించాను.

పాపకు తొమ్మిదేళ్లు. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యంగా. బుద్ధి ఎదుగుదల తక్కువని కర్నూలులో డాక్టరు చెప్పిన రోజు మా ఆయన నన్ను ఓదార్చలేదు, నేను ఆయన్ని ఓదార్చలేదు. బస్టాండులో ఒకే బెంచీ మీద కూర్చుని, చెరో వైపు చూస్తూ కడప బస్సు కోసం ఎదురుచూశాం. ఆ రోజు నుంచి భయం నాకు అలవాటైపోయింది. పాప గౌన్ల లోపలి వైపు నా ఫోన్ నంబరు కుట్టాను. తిరునాళ్లకు తీసుకెళ్లను. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. బయటికి వెళ్తే ఆ మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుంటానంటే, ఇంటికొచ్చాక అక్కడ నా వేళ్ల గుర్తులు కనిపిస్తాయి.

ఆ గుర్తులనే ఆమె మొదట చూసింది. కర్నూలులో ఒక ప్రభుత్వ బడిలో పీఈటీ టీచరు ఆమె. ఇలాంటి పిల్లలకు ఆటలు నేర్పే వాలంటీర్లకు శిక్షణ ఇచ్చి, కోచ్‌లుగా సర్టిఫికెట్ ఇప్పించే పని కూడా చూసేది. కడపలో పాప చదివే ప్రత్యేక పాఠశాలకు ఆ పని మీదే వచ్చింది. కొత్తవాళ్లెవరైనా పాప ముఖం చూసి, తర్వాత నా ముఖం చూసి, నాలుక చప్పరిస్తారు. ఆమె పాప కాళ్లు చూసింది, మణికట్టు చూసింది.

"వదులు మ్మే," అంది. "ఈ పాప పరిగెత్తే పాప. నువ్వు పట్టుకోని ఉండావు కాబట్టి తెలీలేదు."

వదిలాను. పాప బడి ఆవరణలో ఈ చివర నుంచి ఆ చివర కొళాయి దాకా పరిగెత్తింది. నేను వెనకే రెండడుగులు వేశాను, కానీ ఆ పరుగు అందంగా ఉంది. ఒక్కో అడుగుకు రెండు జడలూ పైకెగిరాయి. ఆ క్షణంలోనే నేను ఆమె మనిషినైపోయాను.

రెండు రోజుల కోచ్ శిక్షణకు వెళ్తానంటే మా అత్త నవ్వింది. "మిద్దె మెట్లెక్కితేనే ఆయాసపడతావు, నువ్వు కోచ్ ఏందమ్మా," అంది. కానీ రెండు రోజులూ పాపను తనే చూసుకుంది.

శిక్షణ కర్నూలులో జరిగింది. సగం పూట గదిలో, సగం పూట మైదానంలో. వచ్చినవాళ్లలో పీఈటీలు, బీఈడీ చదివే పిల్లలు, ఒక కానిస్టేబుల్, నాలాంటి తల్లులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. మొదటి గంటలోనే అక్క మమ్మల్ని నిలబెట్టి గబగబా కన్నడంలో ఏదో చెప్పింది. ఆమెది కర్ణాటక సరిహద్దు పల్లె. ఆ భాష తెలియని మేం బిక్కమొహాలు వేశాం. మళ్లీ చెప్పింది, ఈసారి గట్టిగా. ఇంకోసారి, కోపంగా. ఒకామెకు ఏడుపు వచ్చినంత పనైంది. అప్పుడు అక్క నోరు మూసుకుని, తన కుడిచెయ్యి ఎత్తి ఎడమ చెవి పట్టుకుంది. అందరం పట్టుకున్నాం.

"ఇంతే," అంది. "పిల్లోల్లకు మన మాటలు ఇట్లే వినపడతాయి. కాబట్టి నోరు తక్కువ, చెయ్యి ఎక్కువ."

ఆమె నేర్పినవన్నీ నాకు గుర్తే. ఒకసారికి ఒకటే చెప్పాలి. విజిల్ శబ్దానికి బెదిరే పిల్లలకు జెండా ఊపాలి. గీత దగ్గర ఆగిపోయే పిల్లలకు గీత అవతల నిలబడి, వాళ్లకు ఇష్టమైనదేదో పట్టుకుని చూపించాలి, అప్పుడు గీత దాటి వస్తారు. అన్నిటికంటే ముఖ్యం అంటూ చెప్పింది ఇంకొకటి: ఒకసారి మనసులో దిగిన సైగ తొందరగా పోదు, కాబట్టి తప్పు సైగ పొరపాటున కూడా చూపించొద్దు, దాన్ని మాన్పించేలోపు మీ తలలు నెరిసిపోతాయి.

రెండో రోజు పోటీల పద్ధతి చెప్పింది. పొద్దున ట్రయల్ పరుగు పెడతారు. ఎవరి వేగం ఎంతో చూసి, ఇంచుమించు సమానంగా ఉన్నవాళ్లను ఒక గుంపు చేస్తారు. మధ్యాహ్నం ఆ గుంపుల్లో అసలు పోటీ. ప్రతి గుంపుకూ విడిగా మెడళ్లు. నిదానంగా పరిగెత్తే పిల్ల కూడా తనలాంటి వాళ్లతో పోటీపడి బంగారు పతకం తెచ్చుకోగలదు. ఇదంతా నిలబడేది ఒకే ఒక్క దాని మీద: ట్రయల్‌లో ప్రతి బిడ్డా తన పూర్తి శక్తితో పరిగెత్తాలి. ట్రయల్‌లో మెల్లగా పోయి పోటీలో దూసుకుపోతే, ఆ తేడా చూసి పక్కన పెట్టేస్తారు.

కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. "రెండింట్లోనూ మెల్లగా పరిగెత్తిస్తే ఎట్ల కనుక్కుంటారు మేడం?"

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

"అప్పుడు కనుక్కునేవాళ్లు ఎవరూ ఉండరప్పా. కానీ అట్ల చేసినోడు కోచ్ కాదు."

శిక్షణ తర్వాత ఆమె కింద కొంతకాలం మైదానంలో పని చేస్తేనే సర్టిఫికెట్. అందుకోసం అక్క శనివారాలు కడప వచ్చేది. మా ఇంట్లోనే దిగేది. మా అత్త సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరేది. ఇంట్లో అందరికంటే ముందు పాపే ఆమె పక్కన పీట వేసుకుని కూర్చునేది. మైదానంలో పల్లేరుకాయలు ఎక్కువ. పాప చెప్పులు విప్పి పరిగెత్తుతుంది కాబట్టి, ముందుగా అక్కా నేనూ వంగి వంగి అవి ఏరేవాళ్లం. అలా ఏరుతూనే నా భయాలన్నీ ఆమెకు చెప్పాను. పాప పెద్దమనిషి అయితే ఎలా, నా తర్వాత ఎవరు, మా ఆడపడుచు తన కూతురి పెళ్లిచూపుల రోజు పాపను లోపలి గదిలో ఉంచమన్నది, అన్నీ. మా అమ్మకు కూడా చెప్పనివి చెప్పాను.

పాప కోసం నేను పసుపు తువ్వాలు వాడేదాన్ని. గీత అవతల నిలబడి దాన్ని విప్పి పట్టుకుంటే పాప నేరుగా వచ్చి అందులో ముఖం దాచుకునేది. ఆ పరుగుకు కడపలో ఆ వయసు పిల్లల్లో సాటి లేదని అక్కే అంది.

నా సర్టిఫికెట్ వచ్చిన రోజు మా అత్త దానికి పటం కట్టించి దేవుడి గూటి పక్కన పెట్టించింది. కింద అక్క సంతకం ఉంది. నా డిగ్రీ పట్టా ఎక్కడుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తర్వాత కర్నూలులో నాలుగు జిల్లాల పోటీలు వచ్చాయి. బయలుదేరే ముందు అక్క ఫోన్ చేసి, పోటీల్లో తల్లి తన బిడ్డ దగ్గర కోచ్‌గా ఉండకూడదని, అది నియమమని చెప్పింది. పిల్లలు తల్లినే చూస్తూ పరుగు మరిచిపోతారట. నన్ను బంతి విసిరే పోటీల వైపు వేశారు. పాపను తన వెంట ఉంచుకుంటానంది. స్టేడియం గేటు దగ్గర నా పట్టు విప్పి పాప మణికట్టును ఆమె చేతిలో పెట్టాను. నేను ఇంకెవరి చేతిలోనూ అలా పెట్టలేదు.

పొద్దున ట్రయల్‌లో పాప చాలా వెనక వచ్చిందని, నిదానం గుంపులో పడిందని ఎవరో చెప్పారు. నాకు ఆశ్చర్యమేసింది. ప్రయాణం వల్లనేమో, ఉప్మా సరిగా తినలేదేమో, ఎండేమో అనుకున్నాను. జ్వరమేమోనని మధ్యలో పరిగెత్తుకెళ్లి నుదురు కూడా పట్టి చూశాను. చల్లగానే ఉంది.

మధ్యాహ్నం పోటీ సమయానికి నా పని అయిపోయింది. దూరంగా నిలబడి చూశాను. నలుగురు ఆడపిల్లలు. పాప పరుగు నాకు తెలిసిన పరుగు కాదు. మోకాళ్లు పైకి లేవడం లేదు, జడలు కదలడం లేదు. నాలుగడుగులు వేసి పక్కకు చూస్తోంది. అటు పక్క గీత వెంబడే అక్క నడుస్తోంది, అరచెయ్యి కిందికి తిప్పి గాలిని మెల్లగా నొక్కుతూ. చివర్లో ఆ చెయ్యి తిరగబడి రమ్మని పిలిచింది. పాప మిగతావాళ్లకంటే రెండడుగులు ముందుగా చివరి గీత దాటింది. రెండో స్థానం ఆత్మకూరు నుంచి వచ్చిన పాపది. ఆ పిల్ల పళ్లు బిగించి, మెడ నరాలు తేలి, ఉన్నదంతా పెట్టి పరిగెత్తింది. గీత అవతల ఆ పిల్ల నాన్న చేతులు చాపి నిలబడి ఉన్నాడు. ఈయనకు నియమం తెలియదు కాబోలు అనుకున్నాను.

అంతవరకు నాకు ఏ అనుమానమూ రాలేదు. పడకుండా చూసుకోమని చెయ్యి కదిపిందేమో అనుకున్నాను. మెడలో పతకం వేశాక పాప తల తిప్పి చూసింది. నేను మైదానానికి అవతలి వైపు ఉన్నాను, ఎండకు పసుపు తువ్వాలు నెత్తిన వేసుకుని. అది చూసింది. అంతే, ఆ పెద్ద మైదానం అడ్డంగా నా మీదికి పరిగెత్తింది. మోకాళ్లు లేచాయి. జడలు లేచాయి. పతకం వీపు మీదికి ఎగిరింది. టెంటు కింద కూర్చున్నవాళ్లు లేచి చూశారు. పాప నా కడుపులో తల గుద్దుకుని ఆగింది.

ఆత్మకూరు పాప నాన్న నా పక్కగానే నీళ్ల క్యాను దగ్గర ఉన్నాడు. గ్లాసు చేతిలోనే ఉంది.

"పరిగెత్తుతాదే మీ పాప," అన్నాడు. "ఇంతసేపూ యాడ దాచిపెట్టినారమ్మా?"

నాకు సిగ్గేసింది. తల్లిదండ్రులు బిడ్డ దగ్గర ఉండకూడదు కదా, మీరెలా నిలబడ్డారని అడిగాను. ఆయన నన్ను అదోలా చూశాడు. "ఎవరు చెప్పినారు? నేనూ ట్రైనింగ్ తీసుకున్నోణ్ణే. అట్లాంటిదేం లేదే," అన్నాడు. అప్పుడు నేను టెంటు వైపు చూశాను. అక్క నన్నే చూస్తోంది. తర్వాత చూపు దించుకుని బూట్ల లేసు కట్టుకుంది.

బస్సులో పాపను అడిగాను. పరుగులో పెద్దమ్మ ఏం చెప్పిందని. పాప అరచెయ్యి కిందికి తిప్పి నా తొడ మీద మెల్లగా నొక్కింది. "మెల్ల," అంది. "మెల్ల పోతే పెద్దమ్మకు ఇష్టం." చెప్పి సంతోషంగా పతకం కొరికింది. మా పాపకు అబద్ధాలు రావనుకోకండి. బెల్లం ముక్క నోట్లో పెట్టుకుని తినలేదని తల ఊపగలదు. కానీ పరుగులో అబద్ధమాడొచ్చని దానికి ఒకరు నేర్పేదాకా తెలియదు.

ఆ తర్వాతి శనివారం అక్క ఎప్పటిలాగే వచ్చింది. అత్త గుడికి వెళ్లింది. వంటింట్లో నిలబడే అడిగాను, ఎందుకు చేశావని. బుకాయిస్తుందనుకున్నాను. బుకాయించలేదు.

"నీ కోసమే మ్మే. బయటి జిల్లాలోల్లు ఉండే గట్టి గుంపులో పెడితే నాలుగో స్థానమో ఐదో స్థానమో వస్తాది. దాన్ని యాడ చూపించుకుంటావు? నీ ఆడపడుచు లోపలి గదిలో పెట్టమనె కదా. ఇప్పుడు మెడల్ మెళ్లో వేసుకోని ముందు గదిలోనే కూర్చుంటాది."

నేను పల్లేరుకాయలు ఏరుతూ చెప్పుకున్న మాట అది. దాన్ని ఇలా తిరిగి నా ముందు పెడుతుందనుకోలేదు.

పైవాళ్లు కూడా మెడళ్లే అడుగుతారని, తను చూసే పిల్లలకు మెడళ్లు రాకపోతే వచ్చే ఏడు శిక్షణ తరగతులు ఇంకో జిల్లాకు పోతాయని, ఈ పని అందరూ చేస్తున్నదేనని చెప్పుకుంటూ పోయింది. మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే ఒప్పుకోవు కాబట్టి."

ఆ ఒక్క మాట మాత్రం నిజం. నేను ఒప్పుకోనని తెలిసే, లేని నియమం ఒకటి పుట్టించి నన్ను మైదానం అవతలికి పంపింది. పోటీలు నడిపినవాళ్లకు తనే చెప్పేయమన్నాను. ఆమె, "పాపను తయారుచేసిన కోచ్‌వి నువ్వే కదా. మెడల్ ఒక్కటే పోదు. ఆ గూటి పక్కన పటం కట్టి పెట్టుకున్నావే, దాని మీద సంతకం నాది," అంది. గొంతు పెంచలేదు. ఆ పూట కూడా మా ఇంట్లోనే తింది. వడ్డించింది నేనే.

కొన్ని రోజులు ఏమీ చేయలేదు. తర్వాత ఆత్మకూరు పాప నాన్న నంబరు సంపాదించి ఫోన్ చేశాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన పొలంలో ఉన్నట్టున్నాడు, గాలి హోరు వినిపిస్తోంది. "ఆ పొద్దే తెలుసులేమ్మా," అన్నాడు. పోటీలవాళ్లకు రాసిస్తాను, మీ పాపకు రావలసిన బంగారు పతకం ఇప్పిస్తానన్నాను. ఆయన వద్దన్నాడు. "మా పాప ఆ రెండో మెడల్ మెళ్లో వేసుకోనే పండుకుంటాది. స్నానానికి కూడా తియ్యదు. ఇప్పుడు మార్చి ఇంకోటి ఇస్తే దానికేం అర్థమవుతాదమ్మా? ఇది నాది కాదా అని ఏడుస్తాది. వదిలెయ్." ఆపైన, మీ పాప పరుగు మాత్రం పాడుచేసుకోవద్దన్నాడు.

అప్పటికే పాడైంది. నేను అది ఆయనకు చెప్పలేకపోయాను. మైదానంలో పసుపు తువ్వాలు పట్టుకుని నిలబడితే, పాప బయలుదేరుతుంది, సగం దూరంలో ఆగిపోతుంది. పక్కకు తిరిగి చూస్తుంది. అక్కడ ఎవరూ ఉండరు. లేని చెయ్యి కోసం చూస్తూ, అనుమతి రానట్టు, అలాగే నిలబడిపోతుంది. ఆ రోజు స్టేడియంలో నా మీదికి వచ్చిన పరుగే చివరిది. అప్పుడు పక్కన గీత లేదు, అది పోటీ అని పాపకు తెలియదు. సున్నం గీత కనిపిస్తే చాలు, ఇప్పుడు కాళ్లు బరువెక్కుతాయి. ఒకసారి దిగిన సైగ తొందరగా పోదు. ఈ మాట నాకు నేర్పింది ఆమె. అంటే చెయ్యి కిందికి నొక్కేటప్పుడు ఆమెకు తెలుసు. మిగతావన్నీ ఎప్పుడైనా మరిచిపోతానేమో, ఇది మరవలేను.

మొన్న ఆమె ఫోన్ చేసింది. కొత్త వాలంటీర్లకు శిక్షణ పెడుతున్నారట. కోచ్ అయిన తల్లిగా నన్ను నాలుగు మాటలు చెప్పమంది. పాపను పరిగెత్తించి చూపిద్దామంది. మెడల్ మరిచిపోకుండా తెమ్మంది. నాకు నవ్వొచ్చింది. పాప సగంలో ఆగి నీ చెయ్యి కోసం చూస్తుందక్కా, వాళ్లందరి ముందూ చూపిద్దామా అన్నాను.

అప్పుడు నేను అడగకూడదనుకున్నది అడిగాను. ఆ సైగ నీ చేతిది, నువ్వే వచ్చి గీత పక్కన నిలబడి, ఆ చెయ్యే పైకెత్తి, పొమ్మని చెప్పు, దానికి నీ మాటే కావాలి అన్నాను. బతిమాలినట్టే అడిగాను. నన్ను మోసం చేసిన మనిషిని నా బిడ్డ కోసం బతిమాలుకోవలసి రావడం ఎలా ఉంటుందో రాయడానికి నాకు మాటలు చాలడం లేదు. శనివారం తప్పకుండా వస్తానంది. నమ్మాను.

శనివారం పొద్దున్నే మైదానానికి వెళ్లి ఒక్కదాన్నే పల్లేరుకాయలు ఏరాను. పాప కడప బండ అరుగు మీద కూర్చుని, "పెద్దమ్మ యాడ," అని అడుగుతూనే ఉంది. వస్తుందన్నాను. ఎండ బండ మీదికి వచ్చింది. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నానని సందేశం వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

ఇంటికి వెళ్లిపోదామనుకున్నాను. పాప అప్పటికే చెప్పులు విప్పి గీత దగ్గర నిలబడింది. ఆమె నేర్పిన పాఠమే గుర్తొచ్చింది, ఆమె పాఠం తప్ప నా దగ్గర ఇంకేం ఉంది గనక. తువ్వాలును చివర ఉన్న కంపచెట్టుకు కట్టాను. నేను వచ్చి గీత పక్కన, పాప ఎప్పుడూ ఆగి చూసే చోట నిలబడ్డాను. రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో రెండో చేతి మణికట్టును గట్టిగా పట్టుకున్నాను.

పాప బయలుదేరింది. సగంలో ఆగింది. పక్కకు తిరిగింది. నన్ను చూసింది, నా భుజాలు చూసింది, చేతులు ఎక్కడని వంగి చూసింది. చెయ్యి ఊపి పిలవాలని నాకు ప్రాణం లాగేసింది. ఊపలేదు. ఊపితే ఈసారి నా చెయ్యి కోసం ఆగడం నేర్చుకుంటుంది. పాప చాలాసేపు నిలబడింది. నా వెనక నా వేళ్లు నా మణికట్టునే నలుపుతున్నాయి.

తర్వాత విసుగొచ్చినట్టు ముఖం తిప్పుకుని తువ్వాలు వైపు నడిచింది. పరిగెత్తలేదు. నడిచే వెళ్లి, గీత దాటి, తువ్వాలులో ముఖం పెట్టుకుంది. కంపచెట్టు ముల్లు గుచ్చుకుంటుందేమోనని నేను మాత్రం పరిగెత్తాను.

ఇంటికొచ్చాక నా మణికట్టు మీద నా వేళ్ల గుర్తులే ఉన్నాయి. పాపది శుభ్రంగా ఉంది.